తొట్టిమీద జల్లు

ఇంటిలో నున్న స్నానపు తొట్టికి పైన క్రొత్తగా నొక షవరు నమర్చుకొనుట చూపునకు స్వల్పకార్యము. నాలుగు గజముల గొట్టము, వేడిని చలిని కలుపు కొళాయి యొకటి, చిల్లుల తల యొకటి, తడి చిందకుండ నొక తెర ఉన్నచో పని ముగిసినట్లే తోచును. కాని ఇంగ్లండు దేశములో 20వ శతాబ్ది చాలవరకు గడచునంత కాలము, ఈ స్వల్పకార్యమునకు పూనుకొన్న గృహస్థులలో పెక్కండ్రు నిరాశపడిరి. కొళాయి త్రిప్పగా తలపై కురిసినది జల్లు కాదు, చినుకులు. ఆ చినుకులు సైతము ఒక నిమిషము మంచు, మరొక నిమిషము నిప్పు. అట్లాంటిక్ సముద్రమున కావల అమెరికాలో సామాన్యమైన హోటలు గదిలో సైతము సుఖముగా దొరకు జల్లు, ప్రపంచమునకు యంత్రములు నేర్పిన ఇంగ్లండులో ఏల దొరకకపోయెను? ప్లంబరు చేతకానితనమని తలచుట సులభము. మేము ఆ నిందను ప్లంబరుమీద మోపము. అపరాధము అతనికి నూరేండ్ల పూర్వమునాటి నీటి కంపెనీలది. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ముఖ్యముగా ఆ కథయే.

నీరు పైనుండి పడగా స్నానము చేయవలెనను తలంపు మిక్కిలి ప్రాచీనమైనది. క్రీస్తునకు పూర్వము 6వ శతాబ్ది నాటి గ్రీకు కుండలపై నల్లని బొమ్మలు కొన్ని గలవు. గోడనుండి పొడుచుకొని వచ్చిన మృగముఖముల నోట నీరు దూకుచుండగా వాని క్రింద నిలుచున్న జనులు అందు కానవత్తురు. మన ఇండ్లలో గంగాళము ప్రక్కన పీటమీద కూర్చుండి చెంబుతో తలమీద పోసికొను స్నానము గూడ ఈ జాతిలోనిదే. నీటిలో మునుగుట వేరు, నీరు పోసికొనుట వేరు. మునిగిన వాడు తాను విడిచిన మురికిలోనే కూర్చుండును. పోసికొన్న వానికి మురికి కాళ్ల క్రిందుగా పోవును. ఇంగ్లీషువారు చాలకాలము మొదటి పద్ధతినే అభిమానించిరి. వారి తొట్టి అట్టి అభిమానమునకు ఫలము. దానికిమీద జల్లు నమర్చుట యనగా రెండు భిన్నసంప్రదాయములను ఒకే మూలలో నిలుపుటయే యని మా అభిప్రాయము.

ఆ దేశమున యాంత్రికమైన షవరునకు మొదటి పేటెంటు 1767లో లభించెను. దానిని పొందినవాడు లండనులో లడ్‌గేట్ హిల్ యందు పొయ్యిలు చేయు విలియం ఫీతం అనునతడు. అతని యంత్రమున పైన నొక పాత్ర, క్రింద నొక పళ్లెము, నడుమ నొక చేతిపంపు ఉండెను. స్నానము చేయువాడు పంపుతో నీటిని పైకెక్కించి, పిదప గొలుసు లాగును. నీరు ఒక్కమారుగా నెత్తిపై దిగును. క్రిందికి దిగిన ఆ నీటినే మరల పైకెక్కించి మరల పోసికొనవలెను. అది చన్నీరు, రెండవమారు మురికినీరు. సుమారు 1810 ప్రాంతమున వెలసిన షవర్లు ఇంతకంటె అందమైనవి. పది, పండ్రెండు అడుగుల యెత్తున నిలుచు ఆ లోహపు గొట్టములకు వెదురు బొంగులవలె కనుపించునట్లు రంగులు వేసిరి. కాని నీటి సంగతిలో మార్పు లేదు. వెదురు రంగు కన్నులకు ఇంపు కలిగించినను, రెండవమారు పడిన నీరు మొదటిదే.

తరువాత కొంతకాలము జల్లు వైద్యమయ్యెను. సైలీషియాలోని గ్రాఫెన్‌బెర్గ్ కొండలలో విన్సెంట్ ప్రీస్నిట్స్ అను రైతు చన్నీటి చికిత్స నారంభింపగా యూరపు నలుమూలల నుండి రోగులు పోయి కొండధార క్రింద నిలిచిరి. 1842లో ఆ పద్ధతి ఇంగ్లండులోని మాల్‌వెర్న్ పట్టణమునకు వచ్చెను. చార్లెస్ డార్విన్ 1849లో అచ్చట చికిత్స పొంది, ఇంటికి మరలి వచ్చి తన తోటలోనే ధారాస్నానమునకు ప్రత్యేకముగా నొక కట్టడము కట్టించుకొనెను. అదే సంవత్సరము వేసవిలో నవలాకారుడు చార్లెస్ డికెన్స్ వైట్ ద్వీపమునందలి బాన్‌చర్చ్ గ్రామములో ఒక జలపాతమునకు వడ్రంగిచేత పని చేయించి షవరుగా మార్చుకొనెను. 1851లో ఆయన లండనులోని టావిస్టాక్ హౌస్‌కు మకాము మార్చుచు, అచ్చట తొట్టితోబాటు చన్నీటి జల్లును సమకూర్పవలెనని తన బావమరిదివరుసైన హెన్రీ ఆస్టిన్‌కు ఉత్తరములమీద ఉత్తరములు వ్రాసెను. ఆస్టిన్ ప్రజారోగ్యమండలికి కార్యదర్శి. నీటి గొట్టముల సంగతి ఎరిగినవాడు. పాత యింటిలో క్రొత్త షవరు పెట్టించుకొను గృహస్థుని ఆదుర్దా, తెలిసిన బంధువును వేధించుట, పని జరుగుచున్నంతసేపు నిలువనీయని తొందర, ఇవన్నియు మహారచయితలకు గూడ తప్పలేదన్నమాట.

డికెన్స్ ఉత్తరములు వ్రాయుచున్న ఆ దినములలో లండను నీటి వ్యవహారము ఎట్లుండెనో చూడవలెను. నగరమును కొన్ని కంపెనీలు పంచుకొని యుండెను. గొట్టములలో నీరు ఎల్లప్పుడు ఉండెడిది కాదు. దినమునకు కొంత కాలము మాత్రమే ఒక్కొక్క వీధికి వదలి, పిదప మూసివేసెడివారు. ఆ కొద్ది సేపటిలో పట్టుకొన్నంత పట్టుకొని మిగిలిన దినమంతయు గడుపుకొనవలెను. బీదవారు బానలలోను, పీపాలలోను పట్టుకొనిరి. కలిగినవారు ఇంటి కప్పు క్రింద అటకమీద సీసపు రేకు పరచిన పెద్ద టాంకును కట్టించుకొనిరి. నీరు వచ్చినపుడు అది నిండును. నిండినంతనే తేలెడి బంతి పైకిలేచి వాల్వును మూయును. ఈనాడు మన మేస్త్రీలు బాల్ కాక్ అని పిలుచునది అదియే.

ఇది తప్ప దారి లేదని కంపెనీలవారు వాదించిరి. నిత్యము నీరు వదలినచో గొట్టములు కారిపోవుననియు, జనులు వృథా చేయుదురనియు వారి వాదన. ఆ వాదన తప్పని అంతకు పూర్వమే రుజువై యుండెను. 1831లో నాటింగ్‌హాం పట్టణమున థామస్ హాక్స్‌లీ అను యువ ఇంజనీరు ట్రెంట్ నదివద్ద నీటియంత్రములు నెలకొల్పి రాత్రింబవళ్లు ఒత్తిడితో కూడిన నీటి నిచ్చెను. గొట్టములో ఒత్తిడి ఎడతెగక ఉన్నచో బయటి మురికి లోనికి చొరదని గూడ అచ్చట తెలియవచ్చెను. 1842లో ఎడ్విన్ చాడ్విక్ శ్రామికుల ఆరోగ్యపరిస్థితిపై ప్రకటించిన ప్రసిద్ధ నివేదికయు, తదుపరి జరిగిన విచారణలును నిత్యసరఫరానే కోరెను. అయినను లండను కంపెనీలు దశాబ్దముల తరబడి నెమ్మదిగా కదలెను. 1904లో వాటిని తొలగించి ఒకే ప్రభుత్వ మండలి నీటిని చేపట్టు నాటికి నగరములో చాలభాగమునకు నిత్యసరఫరా వచ్చెను గాని, అప్పటికే అటకమీది టాంకు ఇంగ్లీషు ఇంటికి అవయవమైపోయెను. అవసరము పోయినను అలవాటు పోలేదు. నిబంధనలు ఆ అలవాటును స్థిరపరచెను. వేడినీటి సిలిండరునకు నీరు టాంకునుండియే రావలెను. టాంకునుండి వచ్చినది త్రాగరాదు. త్రాగునీరు వంటయింటి కొళాయిలో మాత్రము వీధి గొట్టమునుండి వచ్చును. టాంకులో ఎలుకయో, పావురమో పడి యుండవచ్చునను భయము చేత పిల్లలను స్నానాలగది కొళాయి నీరు త్రాగవద్దని తల్లులు హెచ్చరించెడివారు.

ఇంగ్లండులో ముఖము కడుగుకొను బేసినుకు రెండు వేర్వేరు కొళాయిలుండుట చూచి మన దేశమునుండి పోయినవారు ఆశ్చర్యపడుదురు. ఒక చేయి కాలును, ఒక చేయి కొరుకుకొనిపోవును. అదియు ఈ టాంకు ప్రసాదమే. టాంకు నీరు వీధి నీటితో కలియరాదు గనుక రెండును వేరుగానే దిగెను. 1942 ఆగస్టులో మాస్కోకు పోయిన విన్‌స్టన్ చర్చిల్ తన విడిదిలోని బేసినులో వేడినీరు చన్నీరు ఒకే ముక్కునుండి కలిసి వచ్చుట చూచి వింతపడి, ఆ ఏర్పాటును తన యింటిలో గూడ పెట్టించుకొంటినని యుద్ధచరిత్రలో వ్రాసికొనెను. స్టాలిన్‌తో మాటలాడ పోయిన ప్రధానికి కొళాయి సంగతి గుర్తుండిపోయినదనిన, ఆ దేశపు స్నానాలగదుల స్థితి ఎట్టిదో ఊహింపవచ్చును.

వేడినీటికి గూడ ఒక కథ గలదు. 1868లో బెంజమిన్ వాడీ మాన్ అను లండను వాసి, తొట్టి ప్రక్కనే గ్యాసు మంటతో నీటిని తక్షణము కాచు యంత్రమునకు పేటెంటు పొందెను. ఐస్‌లాండులో భూమినుండి ఎగజిమ్ము వేడినీటి బుగ్గల పేరు దానికి పెట్టెను. ఆ పేరే గీజరు. తొలి గీజర్లకు పొగగొట్టము లేదు. మూసిన గదిలో విషవాయువు నిండును. మంట వెలిగించునపుడు ఢాంమని శబ్దము చేయుచు కనుబొమలు కాల్చెడి ఆ యంత్రమును తలచుకొని భయపడిన వారి కథలు ఇంగ్లీషు సాహిత్యమున పెక్కు కలవు. ఇంగ్లండులో ఇప్పుడా మాట దాదాపుగా మరుగుపడినది. మన విజయవాడలోను, వరంగల్లులోను గోడకు తగిలించిన విద్యుత్ యంత్రమును ఇప్పటికిని గీజరనియే పిలుచుచున్నాము. మాట పుట్టినచోట మాసి, వలసపోయిన చోట బ్రదుకుట భాషలలో కొత్త కాదు.

తొట్టికిమీద జల్లును కలిపి కర్మాగారములో చేసిన వస్తువులు 19వ శతాబ్ది చివరి భాగమున వెలువడెను. స్కాట్లండులోని బార్‌హెడ్ నందలి షాంక్స్ వంటి కంపెనీలు తొట్టి యొక చివర అరగోళపు గూడువలె నిలుచు లోహపు గోడను అమర్చెను. దానిలో పైనుండి పడు జల్లు, ప్రక్కలనుండి చిమ్ము సన్నని ధారలు, వెన్నుమీద కొట్టు పెద్దధార, తొట్టిలో అలవలె పొరలి వచ్చు ప్రవాహము, ఒక్కొక్కదానికి ఒక్కొక్క కొళాయి ఉండెను. పేర్లు చెక్కిన పింగాణి బిళ్లలతో వరుసగా నిలిచిన ఆ కొళాయిలను చూచిన రైలింజను నడుపువాని పీట జ్ఞప్తికి వచ్చును. ఎఱ్ఱచెక్క తొడుగుతో కూడిన ఆ వైభవము ధనికుల యిండ్లకు మాత్రమే పరిమితము.

జల్లు బీదవానికి చేరినది మరొక దారిలో. ఫ్రాన్సులోని రూఆన్ పట్టణ కారాగారమున వైద్యుడైన మెరీ దెలబోస్త్ 1872 ప్రాంతమున ఖైదీల తొట్టిస్నానములను తీసివేసి షవర్లు పెట్టించెను. తొట్టిలో ఒక్కని స్నానమునకు పట్టు నీటితో జల్లుక్రింద పలువురు శుభ్రపడిరి. కాలమును, బొగ్గును మిగిలెను. 1883లో బెర్లిను ఆరోగ్యప్రదర్శనమున చర్మవైద్యుడు ఆస్కార్ లాస్సార్ ముడుతల రేకులతో చిన్న ప్రజాస్నానశాలను కట్టి చూపెను. పది ఫెన్నిగుల కాసునకు సబ్బు, తువాలు, వెచ్చని జల్లు. ప్రతి జర్మనునకును వారమున కొక స్నానము లభింపవలెనని ఆయన ఆశయము. ఈ విధముగా యూరపులో జల్లు అనగా జైలు, పటాలము, కర్మాగారము జ్ఞప్తికి వచ్చెడివి. తొట్టి యనగా కుటుంబ గౌరవము జ్ఞప్తికి వచ్చెడిది. ఇంగ్లీషు గృహస్థుడు చాలకాలము జల్లును ఆదరింపకపోవుటకు టాంకుతోబాటు ఈ అభిమానమును కొంత కారణమని మాకు తోచుచున్నది. యుద్ధకాలమున 1942లో ఇంధనము మిగుల్చుటకై తొట్టిలో 5 అంగుళములకు మించి నీరు పోయవద్దని ప్రభుత్వము కోరగా, 6వ జార్జి రాజు తన రాజప్రాసాదపు తొట్టెలలో సైతము ఆ లోతున గీత గీయించెను. తొట్టిని విడిచి జల్లునకు మారుడని ఎవరును చెప్పలేదు! చెప్పినను మారుటకు ఎందరికి వీలుండెను? 1951 జనాభా లెక్కలలో ఇంగ్లండు, వేల్సులందలి కుటుంబములలో మూడవవంతునకు పైగా స్థిరమైన తొట్టియే లేదని తేలెను.

అమెరికా త్రోవ వేరు. ఆ దేశమున వీధి గొట్టపు ఒత్తిడి నేరుగా ఇంటిలోని వేడినీటి సిలిండరుమీదను పనిచేసెను. వేడియు చలియు సమబలముతో కొళాయికి చేరెను. 1908లో బఫెలో నగరమున ఎల్స్‌వర్త్ స్టాట్లర్ ప్రతి గదికిని స్నానాలగది గల హోటలు తెరచి, ఒకటిన్నర డాలరునకే గది నిచ్చెను. రెండు గదుల స్నానాలగదులు వెన్నుకు వెన్ను ఆనుకొనునట్లు కట్టి, నడుమనున్న ఒకే నిలువు సందులో గొట్టములన్నిటిని దించెను. ఖర్చు తగ్గెను. 1911లో కోలర్ కంపెనీ మూడువైపుల గోడ కానుకొనునట్టి ఏకఖండపు తొట్టిని విడుదల చేసెను. కాళ్లమీద నిలిచిన పాత తొట్టికి చుట్టును తెర వ్రేలాడదీయవలసియుండగా, దీనికి ఒక్కవైపు తెర చాలును. మూడు గోడలకు పెంకులు, ఒకవైపు తెర, గోడలోనుండి వచ్చిన షవరు తల: నేడు ప్రపంచమంతట తొట్టిమీద జల్లు అనగా స్ఫురించు రూపము ఇదియే. 1960లో హిచ్‌కాక్ చిత్రమొకటి చూచిన పిదప ఎందరో ఆ తెర వెనుక నిలుచుటకు జంకిరనుట వేరు సంగతి.

ఇక ఇంగ్లండులో పాత తొట్టిమీద క్రొత్త జల్లు పెట్ట బూనిన ప్లంబరు ఎదుర్కొన్న లెక్కను చూతము. నీటి ఒత్తిడి ఎత్తునుబట్టి ఉండును. 10 మీటర్ల ఎత్తున నున్న నీరు చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో బరువుతో నొక్కును. అటక టాంకు అడుగునకును షవరు తలకును మధ్య ఎత్తు ఒక మీటరు ఉన్నచో ఒత్తిడి అందులో పదవవంతు మాత్రమే. వీధి గొట్టములో దానికి ఇరువది, ముప్పది రెట్లుండవచ్చును. వేడినీరు టాంకు బలముతోను, చన్నీరు వీధి బలముతోను వచ్చి ఒకే కొళాయిలో కలిసినచో ఏమగును? బలమైన చన్నీరు బలహీనమైన వేడినీటిని వెనుకకు త్రోసి, దాని గొట్టములోనే పైకి పోవును. జల్లు క్రింద నిలిచినవానికి చలి తప్ప మరొకటి దక్కదు. అందుచేత ప్లంబరు చన్నీటిని గూడ టాంకునుండియే, ప్రత్యేకముగా నొక గొట్టము వేసి దింపవలెను. స్నానాలగదిలోని పాత చన్నీటి గొట్టమునుండి చీలిక తీసినచో, ఎవరో పాయిఖానా గొలుసు లాగిన క్షణమున చన్నీరు అటు మరలి ఇటు నెత్తిపై ఉడుకునీరు దిగును.

ఈ ప్రత్యేక గొట్టమును టాంకునకు ఎచ్చట తగిలింపవలెనను దానిలో ఒక సూక్ష్మము గలదు. సిలిండరునకు నీరు పోవు గొట్టముకంటె ఇది కొంచెము క్రిందుగా ఉండవలెను. ఒకవేళ వీధిలో నీరు ఆగి టాంకు అడుగంటినచో ముందుగా వేడి ఆగును, చలి వెనుక ఆగును. స్నానము చేయువాడు వణకును గాని కాలడు. రెండంగుళముల తేడాలో ఒక ప్రాణరక్షణ ఇమిడియున్నది. గ్రంథములు చదువక చేతిపనితోనే ఈ సంగతి నేర్చిన పాతకాలపు మేస్త్రీలమీద మాకు గౌరవము కలుగుట ఇందుకే. వేడినీటి చీలికను గూడ సిలిండరు తలనుండి ఏటవాలుగా క్రిందికి దింపుదురు. లేనిచో గాలిబుడగలు చేరి ధార తెగిపోవును. ఎత్తు చాలనిచో టాంకును అటకలో బల్లలమీద ఎక్కింతురు. అదియు చాలనిచో చిన్న విద్యుత్ పంపు పెట్టుదురు. పంపు వచ్చిన పిదప జల్లు బలపడినది గాని పొదుపు మాయమైనది. నిమిషమునకు 8 లీటర్ల చొప్పున 5 నిమిషములు నిలిచినవానికి 40 లీటర్లు చాలును, తొట్టిస్నానమునకు పట్టుదానిలో సుమారు సగము. నిమిషమునకు 15 లీటర్ల పంపుక్రింద 10 నిమిషములు పాడుచు నిలిచినవాడు 150 లీటర్లు ఖర్చుచేయును!

నెత్తిపై ఉడుకునీరు పడుట నవ్వులాట కాదు. 1947లో అమెరికాలో మోరిట్స్, హెన్రిక్స్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు వేడికిని, చర్మము కాలు కాలమునకును గల సంబంధమును కొలిచిరి. 60 డిగ్రీల నీరు పెద్దవారి చర్మమును సుమారు 5 సెకనులలో లోతుగా కాల్చును. 49 డిగ్రీల నీటికి పది నిమిషములకు దగ్గరగా పట్టును. పసిపిల్లల చర్మము ఇంకను త్వరగా కాలును. 1983లో వాషింగ్టన్ రాష్ట్రము క్రొత్త హీటర్లను 49 డిగ్రీలకే అమర్చి అమ్మవలెనని శాసింపగా, కొన్ని యేండ్లలో కొళాయి నీటితో కాలి ఆస్పత్రిలో చేరు పిల్లల సంఖ్య సగమునకు పైగా తగ్గెను. మరియొక ఉపాయము కొళాయిలోనే గలదు. 1930లలో సెర్జియస్ వెర్నే రూపొందించిన మైనపు గుళిక వేడికి కరగి ఉబ్బును, చల్లబడి కుదియును. ఆ కదలికయే వేడినీటి ద్వారమును తగ్గించును, పెంచును. చన్నీరు హఠాత్తుగా ఆగినచో వేడిని పూర్తిగా మూసివేయును. అరచేతిలో ఇమిడెడి ఈ పరికరమునకు మించిన కావలివాడు స్నానాలగదిలో లేడు.

హీటరు వేడిని మిక్కిలి తగ్గించుటలో గూడ అపాయము లేకపోలేదు. 1976లో ఫిలడెల్ఫియా హోటలులో మాజీ సైనికుల సమావేశమునకు వచ్చినవారిని చంపిన న్యుమోనియా క్రిమికి లెజియోనెల్లా అని పేరు. 1980లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు మూత్రపిండము మార్పిడి చేసిన రోగుల వార్డులో ఆ క్రిమిని షవర్లనుండియే వెలికి తీసిరి. 20కి 45కి నడుమ వెచ్చగా నిలిచిన నీటిలో అది పెరుగును. 60 డిగ్రీలలో చచ్చును. జల్లు దానిని సన్నని తుంపరగా చేసి ఊపిరితిత్తులకు చేర్చును. కాబట్టి సిలిండరులో 60 ఉండవలెను, చర్మమునకు 40 చేరవలెను. 60 డిగ్రీల నీరు ఆరు పాళ్లు, 10 డిగ్రీల నీరు నాలుగు పాళ్లు కలిసినచో సరిగా 40 అగును. ఎవరును వాడని గొట్టపు ముక్కలను మూతపెట్టి వదలక కోసి తీసివేయుమని ప్లంబర్లకు చెప్పుటయు ఈ క్రిమి భయముననే.

తొట్టికొళాయికి రబ్బరు గొట్టముతో తగిలించు చేతిషవరు అన్నిటికంటె చౌక. పాపము, అన్నిటికంటె మోసకారియు అదియే. 1933లో చికాగో నగరమున గొప్ప ప్రదర్శనము జరుగుచుండగా, ప్రక్కప్రక్కనున్న రెండు హోటళ్లలో దిగిన యాత్రికులకు అమీబిక్ జిగట విరేచనములు పట్టుకొనెను. 1,409 మంది జబ్బుపడిరి. 98 మంది మరణించిరి. నటీమణి టెక్సస్ గినాన్ వారిలో నొకతె. విచారణలో తేలిన కారణము గొట్టములే: మురుగును మంచినీటిని వేరుచేయవలసిన చోట్ల అవి కలియుటకు దారులుండెను. గొట్టములో ఒత్తిడి తగ్గినచో నీరు వెనుకకు పీల్చుకొనిపోవును. చేతిషవరు తల తొట్టిలోని సబ్బునీటిలో మునిగియున్న వేళ వీధి గొట్టము ఖాళీయైనచో, ఆ సబ్బునీరు వీధికి పోయి పొరుగువాని మంచినీటి కుండలో తేలవచ్చును. అందుచేత షవరు గొట్టమునకు గోడమీద నొక ఉంగరము బిగించి, తల తొట్టి అంచుకంటె క్రిందికి అందకుండునట్లు చేయుదురు. వెనుకకు పోనీయని వాల్వును బిగింతురు.

టాంకుతో పని లేని విద్యుత్ షవరు ఇంగ్లండులో 1970ల నుండి విరివిగా వ్యాపించెను. వీధి నీటిని నేరుగా తీసికొని అప్పటికప్పుడు కాచును. ఒక లీటరు నీటిని నిమిషములో 30 డిగ్రీలు పెంచుటకు రెండు కిలోవాట్లకు పైగా కావలెను. 7 కిలోవాట్ల షవరు నిమిషమునకు మూడు లీటర్ల చిల్లర మాత్రమే ఇచ్చును. అందుకే చలికాలమున దాని ధార సన్నబడును. దానికి 30 ఆంపియర్ల విద్యుత్తు, వేరుగా లావుపాటి తీగ, తడి చేతికి అందని చోట పురికొసతో లాగు స్విచ్చి ఉండవలెను. పాత స్విచ్చికే తగిలించు ఆశ ప్రాణాంతకము.

ఈ కథ మనకు దూరమైనది కాదు. 1908 మూసీ వరదల పిదప 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ నిర్మించి హైదరాబాదునకు మంచి నీటి నిచ్చినను, పెరిగిన నగరమున నీరు గంటల లెక్కననే వచ్చెను. పర్యవసానము లండనులో జరిగినదే: నేలలో సంపు, డాబామీద టాంకు. స్నానాలగది డాబాకు వెంటనే క్రింద నున్న ఇంటిలో షవరు చినుకులు రాల్చును. రెండంతస్తులు దిగువనున్న ఇంటిలో అదే షవరు కొట్టును. పై అంతస్తు వారు వాల్ మిక్సరును, షవరు తలను మార్చి మార్చి విసుగుదురు గాని, మార్చవలసినది టాంకు ఎత్తు. ఒక్క మేలు మాత్రము గలదు. మనకు వేడి, చలి రెండును ఒకే టాంకునుండి దిగుటచే ఒకదానిని మరొకటి త్రోయదు. వీధి కనెక్షనుకు మోటారు బిగించి పీల్చువారు మాత్రము చికాగో సంగతి తెలిసికొనవలెను. పీల్చిన గొట్టమునకు పగులున్నచో ప్రక్క మురుగు గూడ లోనికి వచ్చును.

ఇక తెర. వేడిజల్లు పడుచుండగా తెర లోపలికి ఉబ్బి కాళ్లకు చుట్టుకొనుట అందరెరిగినదే. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు డేవిడ్ ష్మిట్, ధార ప్రక్కన అడ్డముగా తిరుగు గాలిసుడి ఏర్పడి దాని నడుమ ఒత్తిడి తగ్గుటచే తెర లోనికి వచ్చునని లెక్కగట్టి 2001లో నవ్వించు ఇగ్‌నోబెల్ బహుమతి నందెను. బరువైన అంచు గల తెరను తొట్టి లోపలికి జారవిడిచి, కొంచెము తడిపి తొట్టికి అంటించుట గృహిణులు ఆ లెక్క రాకపూర్వమే కనుగొన్న ఉపాయము. తొట్టికిని గోడకును నడుమ సందు పూడ్చుటలో మాత్రము తొందర కూడదు. నీరు నిండిన తొట్టి బరువునకు వెంట్రుకవాసి కుంగును. ఖాళీ తొట్టికి పూసిన పూత మొదటి స్నానమునకే చిట్లి, నీరు గోడలోనికి దిగును. కనుక అనుభవము గల ప్లంబరు తొట్టిని అంచువరకు నింపి, అప్పుడు సందును పూడ్చి, పూత గట్టిపడిన మరునాడు గాని ఆ నీటిని వదలడు.